ఆసుపత్రి లెక్కలు చేపట్టిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ ఆసుపత్రిలో రికార్డులు, గణాంకాల విభాగం బాధ్యత నీకు అప్పగించారని తెలిసి ఎంతో సంతోషించాను. నా ఉద్యోగ జీవితమంతా గడిచింది ఆ పనిలోనే కనుక ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు. ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటావు, డ్యాష్‌బోర్డులో ఏయే గ్రాఫులు పెట్టమంటావు అని అడిగావు. ఆ రెండింటికీ తొందర లేదు. ముందు అంకె పుట్టే చోటికి వెళ్లి కూర్చో.

అంటే అడ్మిషన్ కౌంటరు దగ్గర ఒక పూట, రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు పక్కన ఒక పూట, ల్యాబులో శాంపిళ్లు తీసుకునే కిటికీ దగ్గర ఒక పూట. నీ బల్ల మీదికి వచ్చే ప్రతి శాతం వెనుక, ఎవరో ఒకరు నిలబడి, పక్క మంచం నుంచి ఇంకొకరు పిలుస్తుండగా రాసిన వరుసలు ఉంటాయి. ఆ వరుసలు ఎలా రాస్తారో చూడకుండా వేసే లెక్క నేల విడిచిన సాము.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. ఏదైనా ఒక వార్డు బీపీ రిజిస్టరు తీసుకుని, పై బీపీలో చివరి అంకెను మాత్రం వరసగా రాసుకుంటూ పో. చేత్తో గాలి కొట్టి చూసే మీటరు మీద రెండేసి మిల్లీమీటర్లకు ఒక గీత ఉంటుంది. జాగ్రత్తగా చూసి రాస్తే 0, 2, 4, 6, 8 దాదాపు సమానంగా, ఒక్కొక్కటి ఐదో వంతు చొప్పున రావాలి. సగానికి మించి సున్నాలే కనిపిస్తే అక్కడ కొలవడం తగ్గి అంచనా వేయడం పెరిగిందన్నమాట. దానివల్ల నష్టమేమిటంటావా? 140 దగ్గర గీత గీసి మందు మొదలుపెట్టే చోట, 136 ఉన్నవారూ 144 ఉన్నవారూ ఒకే 140 అయిపోతారు. గీతకు అటువైపు ఎవరో ఇటువైపు ఎవరో ఇక ఏ కంప్యూటరూ విడదీసి చెప్పలేదు. వయసులు కూడా అంతే, 40, 45, 50 దగ్గర కుప్పపడతాయి. ఉదయం మందు ఇచ్చిన సమయం వార్డులో అందరికీ సరిగ్గా ఆరు గంటలే అని ఉంటుంది, ఒక్క మనిషి ఒకే నిమిషంలో అందరి మంచాల దగ్గరా ఉండలేదు కదా.

ఇది చూసి ఎవరినీ మందలించకు తల్లీ. కారణం అడుగు. మీటరు గొట్టం లీకవుతూ ఉండవచ్చు, ఒక్క నర్సు మీద మోయలేనంతమంది రోగుల భారం ఉండవచ్చు. మందలిస్తే మర్నాటి నుంచి చివరి అంకెలు అందంగా మారిపోతాయి, కొలత మాత్రం మారదు. ఆ తర్వాత నీకు నిజం ఎప్పటికీ తెలియదు.

ఇక రిజిస్టరు గడుల సంగతి. నన్ను అన్నింటికంటే భయపెట్టేది ఖాళీ గడి. మధుమేహం అన్న గడి ఖాళీగా ఉందంటే ఆ రోగికి అది లేదనా, పరీక్ష చేయలేదనా, చేసి రాయడం మరిచారనా? లెక్క వేసేటప్పుడు మూడూ ఒకే గాటన పడిపోతాయి. అందుకే ఉంది, లేదు, చూడలేదు అన్న మూడు జవాబులకూ చోటు పెట్టు, ఖాళీగా వదిలితే ఆ రోజే వెనక్కి పంపు. వారం తర్వాత పంపితే జ్ఞాపకం మీద నింపుతారు, అవి కాకిలెక్కలు.

మాటలకు అర్థాలు కూడా ముందే తేల్చుకోవాలి. ఎమర్జెన్సీలో నిరీక్షణ సమయం అంటే గుమ్మంలో అడుగుపెట్టినప్పటి నుంచా, చీటీ రాసినప్పటి నుంచా? ఎప్పటిదాకా, నర్సు చూసేదాకానా, డాక్టరు చూసేదాకానా? మెడికల్ వార్డు నుంచి ఐసీయూకు, అక్కడి నుంచి సర్జికల్ వార్డుకు మారిన ఒక్క రోగిని మూడు వార్డులూ తమ అడ్మిషన్‌గా రాసుకుంటే ఆసుపత్రి మొత్తం మీద ఒక మనిషి ముగ్గురవుతారు. వార్డు మార్పులకు వేరే గడి ఉండాలి. పొద్దున చేరి సాయంత్రం వెళ్లిపోయినవారు అర్ధరాత్రి పడకల లెక్కకు దొరకరు, వారిని ఒక రోజు కింద లెక్కించడం వాడుక. ఏ పద్ధతి పెట్టుకున్నా అన్ని వార్డులూ ఒకేలా చేయాలి. ఈ అర్థాలన్నీ ఒక్క కాగితం మీద రాసి ప్రతి రిజిస్టరు అట్ట లోపల అతికించు.

జబ్బుల పేర్ల విషయంలో సొంత తెలివి వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఉంది, దాని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. మీవాళ్లు ఇంకా 10వ కూర్పులో ఉన్నా సరే, ఏది వాడుతున్నారో ప్రతి పట్టిక మీదా రాయి. మరణ కారణం గడిలో గుండె ఆగిపోయింది అని మాత్రమే కనిపిస్తే, తప్పకుండా రాసినవారి దగ్గరికి తీసుకెళ్లు. మరణించిన ప్రతి ఒక్కరికీ గుండె ఆగుతుంది. దానికి దారితీసిన జబ్బు పేరు కావాలి. అది లేకపోతే ఆ మరణం నుంచి మనం ఎవరికీ ఏమీ చెప్పలేం.

గడులు చక్కబడ్డాక లెక్కలోకి వస్తాం. ఈ విద్యలో నేను పట్టుబట్టే మాట ఒకటే: ఎంతమందిలో? ఎవరు ఏ సంఖ్య చెప్పినా వెంటనే ఆ ప్రశ్న అడుగు. వియన్నా జనరల్ ఆసుపత్రిలో పురుళ్ల విభాగాలు రెండు ఉండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పనిచేసేవారు, రెండోదానిలో మంత్రసానులు. 1846లో మొదటిదానిలో 4,010 కాన్పులకు 459 మంది తల్లులు చనిపోయారు, రెండోదానిలో 3,754 కాన్పులకు 105 మంది. అంటే ఒకచోట 11.4 శాతం, ఇంకోచోట 2.8 శాతం. చేరిన రోజును బట్టి తల్లులను ఏదో ఒక విభాగానికి పంపేవారు కాబట్టి వచ్చినవారిలో పెద్ద తేడా లేదు, తేడా అంతా లోపలే ఉంది. అక్కడ పనిచేసే ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే వైద్యుడు ఆ తేడాను పట్టుకుని వదలలేదు. శవపరీక్ష చేస్తుండగా కత్తి గాయమైన తోటి వైద్యుడు ఒకరు 1847 మార్చిలో బాలింత జ్వరంలాంటి లక్షణాలతోనే చనిపోయినప్పుడు ఆయనకు విషయం అర్థమైంది. శవపరీక్షల గది నుంచి డాక్టర్లు నేరుగా కాన్పుల గదికి వస్తున్నారు. మే నెలలో క్లోరిన్ ద్రావణంతో చేతులు కడగడం తప్పనిసరి చేశారు. ఏప్రిల్‌లో 18.3 శాతంగా ఉన్న మరణాలు జూన్‌లో 2.2 శాతానికి దిగాయి.

సూక్ష్మక్రిములు జబ్బులు తెస్తాయన్న సిద్ధాంతం ఇంకా స్థిరపడని రోజులవి. రెండు వరసల సంఖ్యలు, వాటి కింద ఎంతమందిలో అన్న లెక్క, అంతే ఆయన చేతిలో ఉన్నది.

ఈ రోజుల్లో ఐసీయూలో ఇన్‌ఫెక్షన్ల లెక్కకూ ఇదే వర్తిస్తుంది. ఒక ఐసీయూలో క్యాథెటర్, అంటే రక్తనాళంలోకి పెట్టి ఉంచే సన్నని గొట్టం వల్ల ఆరు ఇన్‌ఫెక్షన్లు, ఇంకోదానిలో మూడు అని రాగానే మొదటిదానిని తప్పుపట్టేస్తారు. మొదటిదానిలో క్యాథెటర్ పెట్టి ఉంచిన రోజులన్నీ కలిపితే 3,000, రెండోదానిలో 1,000 అనుకో. అప్పుడు వెయ్యి రోజులకు మొదటిదానిలో రెండు, రెండోదానిలో మూడు. జాగ్రత్తపడవలసింది రెండో ఐసీయూ. ఈ రోజుల లెక్క దానంతటది రాదు, ప్రతిరోజూ ఒకే వేళకు ఒకరు మంచం మంచం తిరిగి ఎంతమందికి క్యాథెటర్ ఉందో లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు ఇలా లెక్కపెడుతూ, చేతుల శుభ్రత వంటి ఐదు జాగ్రత్తలు పాటించి, వెయ్యి రోజులకు 2.7గా ఉన్న ఇన్‌ఫెక్షన్ల మధ్యగతాన్ని సున్నాకు తెచ్చాయి. ఆ ఫలితాలు 2006లో అచ్చయ్యాయి.

మధ్యగతం అన్నాను కదా, సగటుతో దానికున్న తేడా నీ సూపరింటెండెంటుకు ఒకసారి చూపించు. పదిమంది రోగులు ఆసుపత్రిలో ఉన్న రోజులు 2, 2, 3, 3, 3, 3, 4, 4, 4, 62 అనుకుందాం. కూడితే 90, సగటు తొమ్మిది రోజులు. ఆ పదిమందిలో తొమ్మిది రోజులు ఉన్నవారు ఒక్కరూ లేరు. వరసలో నడిమి విలువ, అంటే మధ్యగతం, మూడు. పడకలు, దుప్పట్లు ఎన్ని కావాలో చూసుకోవడానికి మొత్తం రోజులు కావాలి కనుక సగటు పనికొస్తుంది. ఎన్నాళ్లు ఉండాలమ్మా అని అడిగే రోగి భార్యకు జవాబు చెప్పడానికి మధ్యగతం పనికొస్తుంది.

అందరికీ దూరంగా ఉంది కాబట్టి ఆ 62ను లెక్కలోంచి తీసేయమనేవాళ్లు ఉంటారు. తీసేయకు. ఆ కేస్ షీటు తెప్పించుకుని మొదటి పేజీ నుంచి చదువు. జబ్బు పదో రోజుకే తగ్గి, తీసుకెళ్లేవారు లేక మిగతా రోజులన్నీ ఉండిపోయిన ముసలాయన కావచ్చు. అప్పుడు మీ ఆసుపత్రికి కావలసింది ఇంకో పడక కాదు, ఆయనకు ఆసరా వెతికిపెట్టే మనిషి. నా అనుభవంలో వార్డుల తీరు మార్చిన విషయాలు ఎక్కువగా ఇలాంటి ఒంటరి సంఖ్యల నుంచే బయటపడ్డాయి.

ఇద్దరు డాక్టర్లనో రెండు చికిత్సలనో పోల్చమని అడిగినప్పుడు మాత్రం చేయి ఆపి ఆలోచించు. 1986లో బ్రిటన్‌లో కిడ్నీ రాళ్ల చికిత్సల మీద అచ్చయిన లెక్క ఒకటి ప్రతి గణాంకాల ఉద్యోగీ కంఠతా పట్టాలంటాను. కోసి చేసే ఆపరేషన్ 350 మందిలో 273 మందికి నయం చేసింది, 78 శాతం. చిన్న రంధ్రం ద్వారా తీసే పద్ధతి 350 మందిలో 289 మందికి, 83 శాతం. రెండోదే మేలనిపిస్తుంది. ఇప్పుడు రాళ్ల పరిమాణం బట్టి విడదీసి చూడు. చిన్న రాళ్లలో కోసి చేసినది 87లో 81, అంటే 93 శాతం, రంధ్రం పద్ధతి 270లో 234, అంటే 87 శాతం. పెద్ద రాళ్లలో కోసి చేసినది 263లో 192, అంటే 73 శాతం, రంధ్రం పద్ధతి 80లో 55, అంటే 69 శాతం. విడివిడిగా రెండు చోట్లా కోసి చేసినదే ముందుంది, కలిపితే వెనకబడింది. కారణం, కష్టమైన పెద్ద రాళ్లన్నీ ఎక్కువగా దాని వాటాకు వచ్చాయి.

మీ దగ్గరా అంతే. ప్రాణం మీదికి వచ్చిన కేసులను కాదనకుండా తీసుకునే సర్జన్ మరణాల శాతం ఎప్పుడూ ఎక్కువగానే కనిపిస్తుంది. వచ్చినవారి తీవ్రత రాయకుండా డాక్టర్ల పేర్లతో పట్టిక వేసి గోడకు అంటిస్తే, మరుసటి నెల నుంచి ఆ కష్టమైన కేసులను తీసుకునేవారు ఉండరు. అలాంటి పట్టిక వేయమని ఎవరు ఒత్తిడి చేసినా మర్యాదగా, గట్టిగా కాదని చెప్పు.

నెలనెలా సంఖ్యలు ఎగుడుదిగుడుగా ఉండడం సహజం. పోయిన నెల మూడు, ఈ నెల ఐదు అని అత్యవసర సమావేశం పెడతారు, శిక్షణ ఇస్తారు, వచ్చే నెల మళ్లీ మూడుకు వస్తుంది, శిక్షణ ఫలించిందని రాస్తారు. అది ఊరికే కూడా తగ్గేదే. 1924లో వాల్టర్ షూహార్ట్ అనే ఇంజనీరు టెలిఫోన్ పరికరాల తయారీ కోసం గీసిన నియంత్రణ పటం ఆసుపత్రికీ చక్కగా సరిపోతుంది. నెలల వరసలో చుక్కలు పెట్టి మధ్యలో గీత గీయి. వరసగా ఎనిమిది చుక్కలు గీతకు ఒకే పక్కన పడితే ఏదో మారిందని గట్టిగా అనుమానించవచ్చు. ఒక్క చుక్క కొద్దిగా పైకి లేచినందుకు ఎవరి సంజాయిషీ అడగనక్కరలేదు. అయితే తప్పుడు మనిషికి రక్తం ఎక్కించడం వంటిది ఒక్కసారి జరిగినా ఆ రోజే కదలాలి, దానికి పటమూ వద్దు, శాతమూ వద్దు.

ఎమర్జెన్సీలో కిక్కిరిసిన జనం గురించి రాశావు. అక్కడ నీకు ఒక గుణకారం చాలు, జాన్ లిటిల్ అనే పరిశోధకుడు 1961లో గణితపరంగా నిరూపించినది. గంటకు 12 మంది వస్తూ, ఒక్కొక్కరు లోపల మూడు గంటలు ఉంటే, ఏ సమయంలో చూసినా సగటున 36 మంది ఉంటారు. మీకు 30 మంచాలే ఉన్నాయంటే ఆరుగురు నడవలో ఉంటారన్నమాట. వచ్చేవారిని ఆపలేం. కానీ రక్త పరీక్ష రిపోర్టు అరగంట ముందు వస్తే ఒక్కొక్కరు రెండున్నర గంటలే ఉంటారు, 12 సార్లు రెండున్నర అంటే 30. నడవ ఖాళీ అవుతుంది, ఒక్క కొత్త మంచం కొనకుండా. అందుకే వచ్చిన సమయం, శాంపిల్ తీసిన సమయం, రిపోర్టు అందిన సమయం, బయటికి వెళ్లిన సమయం, ఈ నాలుగూ రాయించు. ఎక్కడ ఎంతసేపు ఆగిపోతున్నారో నీకే తెలుస్తుంది. సగటుకు సరిపోయేలా మాత్రం మంచాలు పెట్టకండి, సోమవారం ఉదయం సగటులా ఉండదు.

లక్ష్యాల గురించి ఒక హెచ్చరిక. ఇంగ్లండులో ఎమర్జెన్సీకి వచ్చినవారిని నాలుగు గంటల్లో చూసి పంపాలని లక్ష్యం పెట్టారు. నిరీక్షణ నిజంగానే తగ్గింది. అయితే సమయాల పటం గీస్తే నాలుగో గంట చివరి నిమిషాల్లో బయటికి వెళ్లినవారి సంఖ్య ఒక్కసారిగా కొండలా లేచింది. గడువు దగ్గరపడ్డ రోగి మీదికే అందరి దృష్టీ పోయిందని దాని అర్థం. లక్ష్యం పెడితే ఒక్క శాతం చూసి ఊరుకోకు, మొత్తం పటం గీసి చూడు.

సాఫ్ట్‌వేర్ సంగతి ఇప్పుడు చెబుతాను. మొదట్లో స్ప్రెడ్‌షీటు సరిపోతుంది. తర్వాత ఏది కొన్నా మూడు ప్రశ్నలు అడుగు. మీ సమాచారం మొత్తాన్ని ఎప్పుడంటే అప్పుడు బయటికి తీసుకోగలరా? ఏ గడిని ఎవరు ఎప్పుడు మార్చారో కనిపిస్తుందా? కరెంటు పోయినప్పుడు కాగితం మీద రాసినవాటిని తర్వాత అసలు సమయంతోనే ఎక్కించవచ్చా? ఒక్కదానికి కాదన్నా వద్దను.

రోగుల గుట్టు నీ చేతిలో ఉందని మరవకు. పేరు తీసేస్తే చాలదు, ఊరు, వయసు, అరుదైన జబ్బు మూడూ ఉంటే ఆ మనిషి ఎవరో ఊరందరికీ తెలుస్తుంది. బయటికి ఇచ్చే పట్టికలో ఐదుగురి కంటే తక్కువ ఉన్న గడిని చూపించకు. ఎవరు అడిగినా, ఎంత పెద్దవారు అడిగినా సరే.

తేలిన లెక్కను రాసినవారికే ముందు తిరిగి చూపించు. సెమ్మెల్వైస్ తన పట్టికలన్నీ పుస్తకంగా వేసింది 1861లో, ఆ తర్వాత ఒప్పుకోని వైద్యులను నిందిస్తూ బహిరంగ లేఖలు రాశారు, చాలామంది వినలేదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధం నుంచి వచ్చాక గణాంకవేత్త విలియం ఫార్‌తో కూర్చుని లెక్కలు తేల్చారు. సైనికులు గాయాలతో కంటే నివారించదగిన జబ్బులతో ఎక్కువగా చనిపోయారనీ, 1855 మార్చిలో వచ్చిన పారిశుద్ధ్య సంఘం మురుగు బాగుచేయించాక మరణాలు బాగా పడిపోయాయనీ గ్రహించారు. 1858లో దాన్ని ఒక్క పేజీలో, నెలకొక రేకు చొప్పున రంగుల చక్రంగా గీశారు. మంత్రులకు కూడా ఒక్క చూపులో అర్థమైంది. నువ్వు కూడా వార్డుకు నెలకు ఒక్క కాగితం ఇవ్వు, ఒక్క పటం, కింద రెండు వాక్యాలు. తాము రాసినది ఎక్కడికి పోతోందో తెలియని నర్సు మొక్కుబడిగా రాస్తుంది, తన రాతవల్ల పక్క మంచానికి మేలు జరిగిందని చూసిన నర్సు నువ్వు అడగకుండానే సరిగ్గా రాస్తుంది.

చివరగా నా మనసులో ఎప్పుడూ మెదిలే విషయం. మన రికార్డులన్నీ డిశ్చార్జి దగ్గర ఆగిపోతాయి. బాగుపడి వెళ్లారు అని రాసి కేస్ షీటు కట్టేస్తాం, ఇంటికెళ్లాక ఏమైందో మనకు తెలియదు. బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్‌మన్ అనే సర్జన్ వందేళ్ల కిందటే ప్రతి రోగికీ ఒక కార్డు పెట్టి, ఏడాది తర్వాత ఎలా ఉన్నారో కనుక్కుని రాసేవారు. 1911, 1916 మధ్య తన ఆసుపత్రి నుంచి వెళ్లిన 337 మంది వివరాలనూ, వారి చికిత్సలో జరిగిన 123 పొరపాట్లనూ తానే అచ్చువేశారు. తోటివారు చాలామంది దూరమయ్యారు, ఆయన మానలేదు.

మీరు ఒకే ఒక్క ఆపరేషన్‌తో మొదలుపెట్టండి, హెర్నియా అనుకో. ముప్పయ్యో రోజున ఫోను చేయించు. ఐదు గడులు చాలు: ఫోను అందిందా, మనిషి ఉన్నారా, గాయం మానిందా, మళ్లీ ఏ ఆసుపత్రికైనా వెళ్లవలసి వచ్చిందా, పనిలోకి వెళ్లగలిగారా. అందని ఫోన్లను బాగున్నవారి ఖాతాలో వేయకు, ఎక్కువ కష్టంలో ఉన్నవారే అందకపోవచ్చు. వందమందిలో 60 మంది దొరికి వారిలో 57 మంది బాగుంటే 95 శాతం బాగున్నారని రాయకు. 57 మంది బాగున్నారు, ముగ్గురికి ఇబ్బంది ఉంది, 40 మంది సంగతి తెలియలేదు అని రాయి.

ఆ రిజిస్టరు పేజీ చేత్తో గీసి, అచ్చుకు ఇవ్వకముందే ఇద్దరు నర్సులతో పది ఫోన్లు చేయించు. ఏ గడి దగ్గర వాళ్లు తడబడ్డారో గుర్తుపెట్టి ఆ కాగితాలే నాకు పంపు. మార్పులు రాసి వెంటనే తిరిగి పంపుతాను.

మీ పెద్దమ్మ